రోడ్డు లేని ఊరికి టికెట్ ఎవరు కొట్టాలి?

మా పెదనాన్న ముప్పై రెండేళ్లు బస్సు డిపోల్లో పనిచేసి డిపో మేనేజరుగా రిటైరయ్యాడు. ఏ ఊరి పేరు చెప్పినా ఆయనకు ముందు గుర్తొచ్చేది ఆ ఊరికి రోజుకు ఎన్ని ట్రిప్పులు, కిలోమీటరుకు ఎంత వసూలు అన్నదే. మా అక్క మాంట్రియల్‌లో నర్సు. మధ్యలో రెండేళ్లు కెనడా ఉత్తరాన, క్యుబెక్ రాష్ట్రానికి పైకొసన ఉండే నునావిక్‌లో పనిచేసి వచ్చింది. మొన్న మే నెలలో కడపకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం మిద్దెమీద ఇద్దరికీ మాట మొదలై, కింద సంగటి చల్లారిపోయేదాకా నడిచింది. ఆ ఊళ్లకు తిరిగే ఎయిర్ ఇన్యూట్ అనే చిన్న విమాన సంస్థ గురించి ఆ మాటంతా. పక్కన కూర్చుని విన్నవాణ్ని నేను. ఇద్దరిలో ఎవరి మాటనూ తీసిపారేయలేక, గుర్తున్నంతలో రాసిపెడుతున్నాను.

అక్క: పద్నాలుగు ఊళ్లు పెదనాన్నా. అన్నీ కలిపి పద్నాలుగు వేల చిల్లర జనం. నేల మాత్రం మన ఆంధ్రా తెలంగాణా రెండూ కలిపినా అంతకంటే ఎక్కువ. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. కిందికి మాంట్రియల్‌కూ రోడ్డు లేదు. రైలు లేదు. ఎండాకాలం సముద్రం మీద మంచు కరిగాక ఓడ రెండు మూడుసార్లు వస్తుంది. డీజిలు, సిమెంటు, బియ్యం, మంచాలు, బండ్లు అన్నీ అప్పుడే దించుకోవాలి. మిగతా ఏడాదంతా విమానమే దిక్కు.

పెదనాన్న: పద్నాలుగు వేలంటే మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ జనం. దాన్ని పద్నాలుగు చోట్లకు పంచితే ఊరికి వెయ్యి. ఆ వెయ్యిమందిలో రోజూ ప్రయాణం చేసేదెంతమంది? ఓఆర్ ఎంతొస్తుందమ్మా దానికి?

(ఓఆర్ అంటే బండిలో ఎన్ని సీట్లు నిండాయన్న లెక్క. ఆయన జీవితమంతా ఆ రెండక్షరాల చుట్టూనే తిరిగింది.)

అక్క: ఔపలుక్ అని ఒక ఊరుంది. అక్కడ రెండు వందల చిల్లర మంది. ఓఆర్ చూస్తే ఆ ఊరికి విమానమే రాకూడదు. కానీ ఆ లెక్క సీట్లన్నీ మనుషులకే అనుకుంటే కదా! కాంబీ అని ఒకరకం విమానాలుంటాయి. లోపల గోడను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. ముందు సగంలో సరుకు, వెనక సగంలో మనుషులు. ఆ రోజు పాలూ కూరగాయలూ ఎక్కువుంటే గోడ వెనక్కి వస్తుంది, మనుషులెక్కువైతే ముందుకు పోతుంది. పాత బోయింగ్ 737-200లు అట్లాగే నడిచాయి చాలా ఏళ్లు. కంకర రన్‌వే మీద దిగాలి కాబట్టి, రాళ్లెగిరి పొట్టకు తగలకుండా ముక్కు చక్రం దగ్గర ఒక రేకు బిగించేవాళ్లు. ఇంజిన్ల ముందు సన్నటి గొట్టాలు పెట్టి గాలిని కిందికి ఊదించేవాళ్లు, కంకర లోపలికి లాక్కోకుండా. ఆ మోడల్ తయారీ 1988లోనే ఆగిపోయింది. తర్వాతి మోడళ్లలో కంకర మీద దిగేది లేదు.

పెదనాన్న: అంటే పాత బండ్లను జాగ్రత్తగా కాపాడుకుంటూ నడిపారన్నమాట. అది నాకు తెలిసిన పనే. కానీ బండి బాగుండటం వేరు, రూటు బతకడం వేరు.

అక్క: చిన్న ఊళ్లకైతే ట్విన్ ఆటర్. పందొమ్మిది సీట్లది, 1965లో మొదటిసారి ఎగిరింది. చక్రాల బదులు స్కీలు తగిలిస్తే మంచుమీదా దిగుతుంది. పొద్దున మైనస్ ముప్పైలో దాని ఇంజిన్లకు బొంతలు కప్పి ఉంటాయి. వేడిగాలి గొట్టం పెట్టి కాచాక గానీ స్టార్ట్ చేయరు. పైలటే కిందికొచ్చి సామాను ఎక్కిస్తాడు. సామానంటే సూట్‌కేసులు తక్కువ, కూలర్ డబ్బాలెక్కువ. లోపల చేపలో, కారిబూ మాంసమో ఉంటుంది. మూత చుట్టూ వెండిరంగు టేపు, పైన అక్కడి ఇన్యూట్ ప్రజల లిపిలో పేరు. ఆ అక్షరాలు చిన్న చిన్న త్రిభుజాల్లా, కొక్కేల్లా ఉంటాయి. అందరి బరువూ కాగితం మీద వేసుకుని, నువ్విటు రా, నువ్వటు కూర్చో అని సర్దుతాడు. తలుపు మూసి, చెవుల్లో పెట్టుకోమని చిన్న స్పాంజి ముక్కలు చేతికిస్తాడు.

పెదనాన్న: మా కండక్టర్లు టాపుమీద మూటలు సర్దేటప్పుడూ ఇదే లెక్క. ఒకపక్కకు ఒరిగితే ఘాట్‌లో బండి నిలవదు. సరే. అసలు సంగతికి రా. రోడ్డెందుకు వేయలేదు?

అక్క: మాంట్రియల్ నుంచి అక్కడి పెద్ద ఊరు కూజువాక్‌కు దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు. విమాన దూరం లెక్కన హైదరాబాద్ నుంచి ఢిల్లీ కంటే ఎక్కువ. దారిపొడుగునా చెరువులు, బండలు. ఇంకా పైకి పోయేకొద్దీ ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల, పర్మాఫ్రాస్ట్ అంటారు. ఎండలు పెరిగి ఇప్పుడది కరుగుతోంది. తసియుజాక్ అనే ఊళ్లో రన్‌వే కట్ట కింద నేల కుంగుతుంటే, కట్ట లోపలి వేడి బయటికి పోయే దారులు పెట్టి నిలబెట్టడానికి 2007 నుంచీ ప్రయత్నాలు చేస్తున్నారు. కిలోమీటరు రన్‌వేకే అంత తిప్పలైతే పదిహేను వందల కిలోమీటర్ల రోడ్డు సంగతేంటి?

పెదనాన్న: అయితే విమానమే రోడ్డు అంటావు.

అక్క: అదే అంటాను. రోడ్డును లాభమెంతొచ్చిందని ఎవరూ అడగరు. దీన్నెందుకు అడగాలి?

పెదనాన్న: ఇక్కడే నీతో నాకు పేచీ. రోడ్డు ఊరికే పడి ఉంటుంది. దాని మీద ఎవరైనా నడవచ్చు, ఎడ్లబండయినా పోవచ్చు, కంకర లారీ అయినా పోవచ్చు. విమానం అట్లా కాదు. దానికొక యజమాని ఉంటాడు, ఒక టైం టేబుల్ ఉంటుంది, ఒక రేటు ఉంటుంది. రోడ్డని పేరు పెట్టి యజమానిని లెక్కల్లోంచి తప్పించకు. నేను డిపోలో ఉన్నప్పుడు ఒక నైట్‌హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఊళ్లో పడుకుని పొద్దున ఆరింటికి బయల్దేరేది. కిలోమీటరుకు డీజిలు ఖర్చు కూడా రాలేదు. మూడేళ్లు చూసి నేనే రద్దు చేశాను. ఊరివాళ్లు వచ్చి డిపో ముందు కూర్చున్నారు. నెల తిరక్కుండా ఆటోలొచ్చాయి. తర్వాత జీపులొచ్చాయి. ఊరు ఆగిపోలేదు.

అక్క: ఆటో రావడానికి అక్కడ రోడ్డుంది పెదనాన్నా.

(ఆయన కాసేపు మాట్లాడలేదు. చేతిలో విసనకర్ర ఆగింది. తర్వాత మళ్లీ విసురుకోవడం మొదలుపెట్టాడు.)

పెదనాన్న: ఆ మాట నిజమే. రోడ్డున్న చోట చేసిన తప్పు సర్దుకుంటుంది, లేనిచోట సర్దుకోదు. కానీ ఒకమాట అడుగుతాను. అంత దూరాన, ఏ దారీ లేని చోట, వాళ్లు ఊళ్లెందుకు కట్టుకున్నారు? వేటాడుతూ తిరిగే మనుషులు కదా. తిరిగే మనుషులకు విమానమెందుకు?

అక్క: వాళ్లకు సొంత బండ్లుండేవి. కుక్కలు. మంచుమీద స్లెడ్జి లాగే కుక్కలు. ఒక్కో కుటుంబానికీ ఒక గుంపు. 1950ల్లో, 60ల్లో ప్రభుత్వం వాళ్లను ఒకచోట నిలిపింది. బడి ఇక్కడే, దుకాణం ఇక్కడే, డాక్టరిక్కడే అంది. ఆ రోజుల్లోనే పోలీసులు ఆ కుక్కలను కాల్చేశారు. ఊళ్లో విడిచిపెట్టి తిరుగుతున్నాయి, ప్రమాదం అన్నారు. దీని మీద విచారణ జరిపిన ఒక రిటైర్డ్ జడ్జి 2010లో నివేదిక ఇచ్చాడు. నునావిక్‌లో వెయ్యికి పైగా కుక్కలను చంపారని తేల్చాడు. 2011లో క్యుబెక్ ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది. కెనడా ప్రభుత్వం 2024 నవంబరులో ఆ ప్రాంతానికి పోయి క్షమాపణ చెప్పింది. బండి చంపినవాడు బండి ఇవ్వాలి కదా పెదనాన్నా.

పెదనాన్న: ఇవ్వాలి. ఆ బాకీ ప్రభుత్వం మీదుంది. కంపెనీ మీద కాదు. బాకీ ఉన్నవాడు ఖజానాలోంచి తీసి, అందరికీ కనపడేట్టు కట్టాలి. ఇంత సబ్సిడీ, ఇన్ని ట్రిప్పులు, ఇంత రేటుకు మించకూడదు అని కాగితం రాసి టెండరు పిలవాలి. ఎవడు తక్కువకు నడుపుతానంటే వాడికివ్వాలి. నార్వే ఉత్తరాన అట్లాగే చేస్తున్నారని చదివాను. విడెరో అనే కంపెనీ చిన్న చిన్న రన్‌వేల మీద 1968 నుంచీ తిరుగుతోంది. నష్టమొచ్చే రూట్లకు ప్రభుత్వమే టెండరు పిలిచి డబ్బు కడుతుంది. 2024లో ఆ రూట్ల గరిష్ఠ చార్జీని సగానికి సగం తగ్గించారు. చార్జీ తగ్గించే అధికారం ఎవరి చేతుల్లో ఉందో అక్కడ జనానికి తెలుసు, అడగడానికి ఒక చోటుంది. నువ్వు చెప్పే చోట? మాంట్రియల్‌కు పోయి రావడానికి ఎంతవుతుంది?

అక్క: మాంట్రియల్ నుంచి పారిస్‌కు పోయి రావడం కంటే ఎక్కువ.

పెదనాన్న: చూశావా!

అక్క: దాచను, చాలా ఎక్కువ. నేను సెలవుకు దిగేటప్పుడల్లా నేను పనిచేసే సంస్థే టికెట్ ఇచ్చేది కాబట్టి నొప్పి తెలియలేదు. నా పక్క సీటులో అమ్మమ్మ చావుకు పోతున్న అమ్మాయికి తెలుసు ఆ నొప్పి. ఆ ప్రాంతపు ప్రభుత్వం నడిపే టికెట్ తగ్గింపు పథకం ఒకటుంది. జబ్బుపడి పోయేవాళ్ల టికెట్ ఆరోగ్య శాఖదే. మిగతావాళ్లకు భారమే. కానీ ఆ విమానాలు ఎవరివో విను. అది తెలియకుండా తూకం వేయొద్దు. 1971లో క్యుబెక్ ప్రభుత్వం జేమ్స్ బే నదుల మీద పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టు ప్రకటించింది. అక్కడ తరతరాలుగా ఉన్న క్రీ ప్రజల్నీ ఇన్యూట్ ప్రజల్నీ ఒక్కమాట అడగలేదు. వాళ్లు కోర్టుకెళ్లారు. చివరికి 1975 నవంబరు 11న ఒప్పందం కుదిరింది. వచ్చిన పరిహారాన్ని చూసుకోవడానికి ఇన్యూట్‌లు 1978లో మకివిక్ అనే సంస్థ పెట్టుకున్నారు. వాళ్ల భాషలో పైకి లేవడం అని అర్థం. ఎయిర్ ఇన్యూట్ కూడా అప్పుడే పుట్టింది. మకివిక్‌దే అది, అంటే ఆ పద్నాలుగు ఊళ్ల ఇన్యూట్‌లందరిదీ. మన శ్రీశైలం ముంపు పరిహారం మనిషి మనిషికీ చేతిలో పెట్టి పంపించారు. అది ఎన్నాళ్లు నిలిచిందో నువ్వే చెప్పేవాడివి. వాళ్లు ఆ డబ్బుతో విమానాలు కొన్నారు. నలభై ఏళ్లు దాటింది, ఇంకా ఎగురుతున్నాయి.

పెదనాన్న: ముంపు ఊళ్ల సంగతి ఎత్తితే నాకు నోట మాట రాదు. ఆ జనం బస్టాండులో మూటలు పెట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను. అందరి డబ్బూ ఒకచోట పెట్టి ఆస్తి చేసుకోవడం గొప్ప పనే, ఒప్పుకుంటాను. అయినా ఒక చిక్కుంది. లాభమొస్తే అది అందరిదీ. చార్జీ కట్టేటప్పుడు మాత్రం ఒక్కత్తే కడుతుంది, నీ పక్క సీటు అమ్మాయి. ఆమె యజమాని కూడా, ప్రయాణికురాలు కూడా. ఎడమచేతి జేబులోంచి తీసి కుడిచేతి జేబులో వేసుకుంటోందని నువ్వంటావు. ఆమెకు ఆ రెండో జేబు కనిపిస్తుందా? అందులో చేయి పెట్టనిస్తారా?

అక్క: పాలకమండలిని ఓటేసి ఎన్నుకుంటారు. లాభం బయటికి పోదు. అదీగాక ఆ లెక్క ఒక్క టికెట్ల మీద నడవదు. పైన నికెల్ గనులున్నాయి, వాటికి మనుషుల్ని మోసే చార్టర్లుంటాయి. సరుకు ఉంది. ఆసుపత్రి సీట్లున్నాయి. వాటి మీద వచ్చేది ఔపలుక్ లాంటి ఊరి లోటు పూడుస్తుంది. నువ్వు హైదరాబాద్ ఏసీ బస్సు వసూళ్లతో పల్లె బస్సుకు డీజిలు పోయించలేదా?

పెదనాన్న: పోయించాను. ఒక రూటు తెచ్చిన డబ్బు ఇంకో రూటుకు పోతుంటే, ఆ రెండు రూట్ల మనుషులకూ ఆ సంగతి తెలియదు. తెలియని సహాయాన్ని ఎవరూ కాపాడరు. కొత్త ఆఫీసరొచ్చి ఒక్క సంతకంతో ఆపేస్తాడు. నేను చేసింది అదే కదా. అందుకే అంటున్నాను, సబ్సిడీ అనేది గోడమీద రాసినట్టుండాలి అని.

అక్క: గోడమీద రాసిన సబ్సిడీ మనకూ ఉంది. ఉడాన్. 2017 ఏప్రిల్ 27న మన కడప నుంచి హైదరాబాద్‌కు మొదటి విమానం. నువ్వు చొక్కా ఇస్త్రీ చేయించుకుని చూడ్డానికి పోయావని నాన్న చెప్పాడు. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు దాటకూడదన్నారు అప్పట్లో, లోటును మూడేళ్లు ప్రభుత్వం పూడుస్తుందన్నారు. ఆ డబ్బులో కొంత పెద్ద రూట్ల మీద విమానాల నుంచి వసూలు చేస్తారు. అచ్చం నువ్వు చెప్పే పద్ధతే. ఏమైంది? దేశం మొత్తం మీద 774 రూట్లు ఇస్తే మొదలైనవి 371. మూడేళ్లూ పూర్తి చేసినవి 112. 2023 మార్చికి మిగిలినవి 54. ఇది కాగ్ లెక్క, నాది కాదు. కడపకు తిరిగిన ఆ మొదటి కంపెనీ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

పెదనాన్న: ఆగితే ఇంకొకరు వచ్చారు, కొన్ని వారాలకే. కాగితం మీద రూటుంది కాబట్టి వచ్చారు.

అక్క: ఆ కొన్ని వారాలూ నువ్వు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కావు. ఇవుజివిక్ అనే ఊరుంది, క్యుబెక్ మొత్తానికీ ఉత్తరాన చిట్టచివరి ఊరు. అక్కడివాళ్లు ఏం ఎక్కాలి? టెండరు గెలిచినవాడు లాభం చూసుకుని వచ్చాడు, లాభం లేకపోతే పోతాడు. వాడి తప్పు కూడా కాదు. పోవడానికి ఇంకోచోటు లేనివాడి చేతిలోనే ఆ విమానం ఉండాలి.

పెదనాన్న: పోవడానికి చోటు లేనివాడు అమ్ముకోవడానికి కూడా మనసు రానివాడు కావాలి మరి. నువ్వే కదా మొన్న ఫోనులో చెప్పావు, మకివిక్ చేతిలో ఇంకో విమాన కంపెనీ ఉండేదని?

(అక్క వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినప్పుడు గొంతు తగ్గింది.)

అక్క: ఉండేది. ఫస్ట్ ఎయిర్. 1990లో కొన్నారు. 2019లో పశ్చిమాన ఉండే ఇన్యూవియాలుయిట్ ప్రజల కంపెనీ కెనేడియన్ నార్త్‌తో కలిపేశారు, సగం సగం వాటా. 2025లో దాన్ని విన్నిపెగ్‌లోని ఎక్స్ఛేంజ్ ఇన్‌కమ్ కార్పొరేషన్ అనే కంపెనీకి ఇరవై కోట్ల యాభై లక్షల డాలర్లకు అమ్మేశారు. వాళ్లకు ఉత్తరాన తిరిగే చిన్న విమాన కంపెనీలు ఇంకా చాలా ఉన్నాయి. ఎయిర్ ఇన్యూట్‌ను మాత్రం అమ్మలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు బాధేసింది. నా వాదనలో అది ఒక కన్నం. పూడ్చలేను.

పెదనాన్న: కన్నం అని నేననను. వాళ్ల కష్టం వాళ్లకు తెలుసు. విమానాలు కొత్తవి కొనాలంటే మాటలా! నేను చెప్పేదల్లా ఒకటే. మనవాళ్లదే కదా అన్న ధీమాతో కాగితం రాసుకోకుండా ఉండొద్దు. అమ్మినా కొన్నా ఔపలుక్‌కు వారానికి ఇన్ని ట్రిప్పులు తప్పవు అని చట్టంలో ఉండాలి. యజమాని మారినా ట్రిప్పు మారకూడదు.

అక్క: దానికి నేనెందుకు కాదంటాను? రాసుకోవాల్సిందే. కానీ రాసినంత మాత్రాన ఎవరికి ఏం చేరుతుందో కూడా చూడాలి. సరుకు మీద సబ్సిడీ ఉంది అక్కడ. న్యూట్రిషన్ నార్త్ అని, 2011లో మొదలైంది. విమానంలో వచ్చే కూరగాయలకు, పాలకు కిలోకింత అని ప్రభుత్వం దుకాణదారుకు కడుతుంది. ఆ డబ్బంతా జనానికి ధర తగ్గింపుగా చేరుతోందో లేదో ప్రభుత్వం సరిగా సరిచూసుకోవడం లేదని 2014లో అక్కడి ఆడిటర్ జనరలే రాశాడు. గోడమీద రాసి ఉన్నా, ఆ గోడ ఎక్కడో రెండు వేల కిలోమీటర్ల అవతల ఉంటే ఏం లాభం?

పెదనాన్న: కాన్పులకు ఏం చేస్తారు?

అక్క: కాన్పులకా?

పెదనాన్న: అవును. ఊరన్నాక కాన్పులుంటాయి. మీ పిన్నమ్మను ఎడ్లబండిలో ప్రొద్దుటూరు తీసుకుపోతుంటే దారిలోనే పురుడొచ్చింది. అందుకే అడుగుతున్నా.

అక్క: వెనకటికి నెలలు నిండే ముందే గర్భిణిని ఒక్కదాన్నే విమానమెక్కించి దక్షిణానికి పంపేవాళ్లు. భాష రాని ఊళ్లో, తెలిసిన మొహం లేకుండా, వారాల తరబడి ఎదురుచూపు. పువిర్నిటుక్ అనే ఊళ్లో ఆడవాళ్లు దీనికి తిరగబడ్డారు. 1986లో అక్కడే ప్రసూతి కేంద్రం పెట్టించుకున్నారు. ఆ ఊరి ఆడవాళ్లనే మంత్రసానులుగా తయారు చేశారు. పిల్లలు మళ్లీ ఊళ్లోనే పుడుతున్నారు. తర్వాత ఇంకో రెండు ఊళ్లలో కూడా పెట్టారు.

పెదనాన్న: నేను చెప్పాలనుకున్నది ఇదే! విమానం టికెట్టుకు పోసే డబ్బు ఆ ఊళ్లోనే పోస్తే, ఎక్కాల్సిన పనే తగ్గుతుంది. మా డిపోలో రోజూ పొద్దున కిక్కిరిసి పోయే బస్సు ఒకటుండేది. అందరూ కాలేజీ పిల్లలే. ఆ మండలంలో జూనియర్ కాలేజీ పెట్టారు, బస్సు సగం ఖాళీ అయింది. మావాళ్లు ఓఆర్ పడిపోయిందని దిగులుపడ్డారు. నేను సంతోషించాను. విమానం గురించి అంత గట్టిగా మాట్లాడుతున్నావు కానీ, ఆ కంపెనీ బాగుండాలంటే జనం జబ్బుపడి దక్షిణానికి పోతూనే ఉండాలి. ఆసుపత్రి సీట్ల మీద డబ్బొస్తుందని నువ్వే చెప్పావు. స్కాన్ మెషీన్ ఊళ్లోకే వస్తే కంపెనీకి నష్టం. ఆ పేచీ ఎవరు తీరుస్తారు?

అక్క: ఆ ప్రశ్న నేనింతవరకూ వేసుకోలేదు. (కాసేపాగి) కానీ పువిర్నిటుక్‌లో సిజేరియన్ చేసే డాక్టర్ లేడు పెదనాన్నా. అవసరమైతే విమానం వస్తుందన్న ధైర్యం మీదే ఆ మంత్రసానులు కాన్పు చేస్తున్నారు. విమానం లేకపోతే ఆ కేంద్రం ఒక్కరోజు కూడా నడవదు. ఆసుపత్రి ఊళ్లోకి వచ్చేకొద్దీ విమానం అవసరం తగ్గదు, అవసరమయ్యే తీరు మారుతుంది. రోజూ ఎక్కేది కాదు, పిలిస్తే వచ్చేది కావాలి. అట్లా పిలుపు కోసం కాచుకుని ఉండే బండికి డబ్బెవరు కడతారన్నది నీ ప్రశ్న. దానికి నీ జవాబే సరైనది. ఖజానా కట్టాలి.

పెదనాన్న: ఇంతసేపటికి ఒకచోటికొచ్చాం.

అక్క: ఒకచోటికి కాదు. డబ్బు ఖజానాది కావచ్చు, పగ్గం మాత్రం వాళ్లదే ఉండాలంటాను. ఎందుకో చెప్తాను. ప్రాణం మీదికొస్తే వచ్చే అంబులెన్స్ విమానం వేరే ఉంది, రాష్ట్ర ప్రభుత్వానిది. చాలా ఏళ్లు దాంట్లో పిల్లల్ని ఒంటరిగా తీసుకుపోయేవాళ్లు. తల్లిని ఎక్కించుకునేవాళ్లు కాదు. రెండేళ్ల పిల్ల, కాలిన గాయంతో, ఎవరూ లేకుండా మాంట్రియల్ ఆసుపత్రిలో కళ్లు తెరుస్తుంది. చుట్టూ మాట్లాడేది దానికి రాని భాష. తల్లి తర్వాత మామూలు విమానంలో రావాలి. అది ఏ రోజో! 2018లో అక్కడి పిల్లల డాక్టర్లే బయటికొచ్చి గట్టిగా అడిగితే మారింది ఆ పద్ధతి. ఆ నియమం రాసినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల పిల్లల్ని ఎప్పుడూ ఆ విమానంలో పంపలేదు, అంతే. పగ్గం ఆ ఊరివాళ్ల చేతిలో ఉంటే తల్లికి సీటు మొదటిరోజే ఉండేది.

(పెదనాన్న విసనకర్ర పక్కన పెట్టాడు. చాలాసేపు గోడవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు ముగ్గురు మనవరాళ్లు.)

పెదనాన్న: దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. తల్లిని దించి పిల్లను తీసుకుపోయే బండి ఏ సబ్సిడీతో నడిచినా ఒకటే. సరే, పగ్గం వాళ్లదే. మరి ఆ పగ్గం పట్టుకున్న చేతులెవరివి? పైలట్లలో ఆ ఊళ్ల పిల్లలెంతమంది?

అక్క: తక్కువ. కూజువాక్‌లో జానీ మే అని పాతతరం పైలట్. ఆ ప్రాంతంలో విమానం నడిపిన మొదటి ఇన్యూట్ మనిషి. 1965 నుంచీ చాలా ఏళ్లు క్రిస్మస్‌కు విమానంలోంచి ఊరి పిల్లలకు మిఠాయిలు జల్లేవాడు. తర్వాత ఇనుక్‌జువాక్ ఊరి మెలిస్సా హేనీ ఎయిర్ ఇన్యూట్‌లో కెప్టెన్ అయింది. ఇన్యూట్ ఆడవాళ్లలో కెప్టెన్ అయిన మొదటి మనిషి ఆమె. ఊళ్ల పిల్లల్ని పైలట్లుగా తయారు చేయడానికి కంపెనీ ఒక శిక్షణ నడుపుతోంది. పిచ్చుక అని దాని పేరు. అయినా సరిపోరు. ఎక్కువమంది దక్షిణం నుంచే వస్తారు, గంటలు పోగేసుకుని పెద్ద కంపెనీలకు పోతారు.

పెదనాన్న: ఇదీ అసలు ఓఆర్. ఏడాదికి ఎంతమంది ఊరి పిల్లలు ఆ సీట్లో కూర్చుంటున్నారన్నది. మా డిపోలో లోకల్ డ్రైవర్ ఉన్న రూటుకు కంప్లెయింట్ వచ్చేది కాదు. వాడికి తెలుసు, ఫలానా గడపలో ముసలాయన లేచి రావడానికి రెండు నిమిషాలు పడుతుందని. ఆగేవాడు.

కింద నుంచి పెద్దమ్మ రెండోసారి పిలిచింది. ఇద్దరూ లేవలేదు. ఎయిర్‌పోర్టు వైపు ఆకాశంలో సాయంత్రం విమానం దీపాలు ఒకదాని వెంట ఒకటి కిందికి దిగుతున్నాయి. ఆయన అటే చూస్తూ, నాకు గుర్తులేని సంగతొకటి అడిగాడు. పొద్దున టిఫిన్ దగ్గర అక్క చెప్పినదట అది. హడ్సన్ అఖాతం తీరంలో ఒక ఊళ్లో నాలుగు రోజులు పొగమంచు కమ్ముకుని విమానం రాలేదు. కడుపులో గడ్డ ఉందని అనుమానంతో స్కాన్‌కు పోవాల్సిన ముసలావిడ రోజూ సంచి సర్దుకుని ఎయిర్‌పోర్టు గదిలో కూర్చునేది. మధ్యాహ్నానికి ఈరోజూ రాదని చెబితే ఇంటికి పోయేది.

పెదనాన్న: ఆ ముసలావిడ పోయిందా చివరికి?

అక్క: పోయింది. ఐదోరోజు పొద్దున గాలి మారింది. ట్విన్ ఆటర్ వచ్చింది. దాన్లో తీరం వెంట పెద్ద ఊరికి, అక్కణ్నుంచి పెద్ద విమానంలో మాంట్రియల్‌కు. నేను రన్‌వే దాకా వెళ్లాను. ఆవిడ ఎక్కేటప్పుడు కూలర్ డబ్బా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

పెదనాన్న: ఏముంది అందులో?

అక్క: చేపలు. మాంట్రియల్ పక్కన డోర్వాల్‌లో ఉల్లివిక్ అని ఉంది, ఉత్తరం నుంచి వచ్చే పేషెంట్లు ఉండే ఇల్లు. వాళ్ల ఊరి మనిషి ఒకామె అక్కడ అప్పటికే మూడు వారాలుగా ఉంది. ఆమెకోసం.

పెదనాన్న: డబ్బాకు చార్జీ వేశారా?

అక్క: లేదు పెదనాన్నా. పైలట్ దాన్ని తూకం వేశాడు, కాగితం మీద బరువు రాసుకున్నాడు. వెనక వలలో అన్ని డబ్బాల కంటే పైన పెట్టి, ఆవిడకు కనపడేట్టు ఇటు తిప్పి పట్టీ బిగించాడు.